శనాదివారాలు ఊళ్లో ఉండరాదు

ఫెల్డన్‌బ్రుక్ విశ్వవిద్యాలయంలో సోమవారం పొద్దున తొమ్మిది గంటల క్లాసులో మెలకువగా ఉండే మనిషి ఒక్కడే. ఆయన పాఠం చెప్పే ఆయన. మిగతావాళ్లంతా శుక్రవారం సాయంత్రం రైలెక్కి, శనివారం ఒక దేశం, ఆదివారం ఇంకో దేశం చుట్టేసి, సోమవారం సరాసరి స్టేషన్ నుంచి క్లాసుకొచ్చి, సంచీ తలకింద పెట్టుకుని గుర్రు పెట్టేవారు. ఐరోపాలో దేశాలు మన పక్క మండలాలంత దగ్గరగా ఉంటాయాయె, ఎవరు మాత్రం గదిలో కూర్చుంటారు?

దీని సంగతేదో తేల్చమని యాజమాన్యం ఒక కమిటీ వేసింది. దాని పేరు చదువు సంచారముల సమతుల్య సాధన సంఘం. తొమ్మిది మంది పెద్దలు ఎనిమిది నెలలు కూర్చుని, బిస్కెట్లు తిని, లోపం ఎక్కడుందో పట్టేశారు. క్లాసులకు హాజరుంది, నియమాలున్నాయి, మార్కులున్నాయి. తిరుగుళ్లకు ఏమీ లేవు. త్రాసులో ఒక పళ్లెం నిండుగా, రెండోది ఖాళీగా ఉంటే ముల్లు ఎట్లా నిలబడుతుంది? కాబట్టి తిరుగుళ్లకూ అవే నియమాలు పెట్టేస్తే సమతుల్యం దానంతటదే వచ్చి కూర్చుంటుందన్నారు. తొమ్మిది మందిలో ఒక్కరికి కూడా నవ్వు రాలేదట!

మర్నాడే నోటీసు బోర్డు మీద నియమావళి వెలిసింది. ప్రతి విద్యార్థీ శనాదివారాల్లో ఊరు విడిచి కనీసం రెండు వందల కిలోమీటర్లు పోయి తీరాలి. ఒక రాత్రి అక్కడే బస చేయాలి. సంచార హాజరు డెబ్బై ఐదు శాతానికి తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. తిరిగొచ్చాక ప్రతి ఊరి గురించీ మూడు వందల మాటల్లో ఆనంద నివేదిక రాయాలి. ఆనందానికి మార్కులు వేస్తారు. ఎవరు ఎక్కడున్నారో కనిపెట్టడానికి అందరి ఫోన్లలోనూ 'సంచారి' అనే యాప్ పెట్టారు.

హాస్టల్ వంటగదిలో మన తెలుగు పిల్లలు నలభై మంది గరిటెలు పట్టుకుని గంతులేశారు. తిరగమని కాలేజీయే చెప్పడమేమిటి, తిరక్కపోతే ఫెయిలు చేస్తాననడమేమిటి! ఇంతకన్నా పుణ్యాత్ములు ఉంటారా? ఒక్కర్తి మాత్రం పొయ్యి దగ్గర మొహం పాలిపోయి నిలబడిపోయింది. ఆ పిల్ల వకుళ.

వకుళది చీమకుర్తి. రెండేళ్లు పాలకేంద్రంలో వెన్న శాతం చూసే ఉద్యోగం చేసి, పాల మీద ప్రేమ కొద్దీ పాల సాంకేతికం చదవడానికి ఇంత దూరం వచ్చింది. ఇక్కడ చీజ్ అంతా ఆవుపాలతో చేస్తారు. గేదెపాలతో గట్టి చీజ్ చేస్తే మాగేలోపే పగిలిపోతుందని పుస్తకాలన్నీ రాశాయి. "పగలదు. నేను చేసి చూపిస్తా," అంది వకుళ. పై ఊళ్లో గేదెలున్న రైతును పట్టుకుని, పన్నెండు గుండ్రటి దిమ్మలు పోసి, విశ్వవిద్యాలయం నేలమాళిగలో చెక్క అరల మీద పెట్టింది. తొంభై రోజులు మాగాలి. ఆ తొంభై రోజులూ, ఒక్కపూట తప్పకుండా, ప్రతి దిమ్మనూ ఉప్పునీళ్ల గుడ్డతో తుడిచి తిరగేయాలి. ఒక్కరోజు ఆగితే అడుగున చెమ్మ పట్టి, బూజొచ్చి, దిమ్మ పగులుతుంది. దిమ్మ పగిలితే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే ఆ నెలాఖరుతో వీసా లేదు. దిమ్మలు అరెక్కిన నాలుగో రోజునే ఈ నోటీసు.

వకుళ పరుగు పరుగున సంచార సమన్వయ విభాగానికి వెళ్లింది. దాని అధిపతి ఓటిల్యా గ్రూబర్ గారు. నలభై ఒక్క దేశాలు చూసిన మనిషి. గోడల నిండా పటాలు, పటాల నిండా గుండుసూదులు, తలుపు పక్కన ఎప్పుడూ సర్ది ఉంచిన చక్రాల పెట్టె. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. కానీ కొందరు ఏ భాషలో మాట్లాడినా మన మండలాఫీసు కాగితం చదువుతున్నట్టే వినబడుతుంది.

"సదరు చీజును గూర్చి నియమావళియందు ఎచ్చటనూ ప్రస్తావన లేదు," అన్నారు గ్రూబర్ గారు.

"ప్రస్తావన లేకపోయినా తిరగేయాలి గదా మేడమ్! మినహాయింపేమన్నా ఉందాండీ?"

"తప్పక కలదు. మాది మానవీయ దృక్పథం గల విభాగం. ఫారం నంబరు పదకొండు పూర్తి చేసి, శనివారం ఉదయం పది నుంచి పన్నెండు గంటల మధ్య, మా లిస్బన్ శాఖలో అభ్యర్థి స్వయంగా దాఖలు చేయవలెను."

"శనివారం లిస్బన్ పోయేదాన్నయితే నాకు మినహాయింపెందుకండీ?"

"మేమూ అదే గమనించాం," అన్నారు ఆవిడ తృప్తిగా. "దరఖాస్తు చేయగలిగిన ఏ ఒక్కరికీ మినహాయింపు అవసరపడదు. విధానం జయప్రదం."

చేసేదేముంది? మొదటి వారం వకుళ నియమం ప్రకారమే వెళ్లింది. శనివారం పొద్దున్నే దిమ్మలు తిరగేసి, బస్సెక్కి, ఏదో ఊళ్లో ఏదో గడియారం చూసి, ఆదివారం రాత్రికి వచ్చిపడింది. సోమవారం పొద్దున నేలమాళిగలోకి దిగేసరికి ఏడో దిమ్మ అడుగున రూపాయి కాసంత తడి మచ్చ. మచ్చ మీద ఉప్పు రుద్దుతూ, ముక్కు ఎగబీలుస్తూ, మెట్ల మీద కూర్చుని బావురుమంది. ఆ మధ్యాహ్నమే ఆనంద నివేదిక వెనక్కొచ్చింది. "వెళ్లాను, గడియారం బాగుంది, వచ్చాను" అని రాసినదాని కింద ఎర్రసిరాతో వ్యాఖ్య: ఆశ్చర్యం చాలలేదు. డి గ్రేడు.

ఆ ఏడుపు మొహంతోనే వంటగదిలోకొస్తే సారంగపాణి కనిపెట్టాడు. వాడిది జనగామ. వకుళ కంటే రెండేళ్లు చిన్న, నోరు మాత్రం ఇరవై ఏళ్లు పెద్ద.

"ఏందక్కా, గంత పరేషాన్ అయితున్నవ్?"

వకుళ అంతా చెప్పింది. పాణి పకపకా నవ్వాడు.

"నువ్వు ఇంజినీరింగ్ సదువలే, గందుకే నీకు తెల్వది. ప్రాక్సీ కొడ్తే అయిపాయె! మా కాలేజీల పదకొండు మందికి నేనొక్కన్నే 'ప్రెజెంట్ సార్' అంటుంటి, పదకొండు గొంతులల్ల. అండ్ల ఇద్దరు ఆడివిల్లలు గుడ ఉండిరి."

"ఇక్కడ పేర్లు పిలవరు గదయ్యా. ఫోను చూస్తారు."

"ఇంకేంది మరి! వాళ్లు సూసేది ఫోనును. మనిషి ఏడున్నా వాళ్లకేంది? నీ ఫోను ఇయ్యి. నేనెట్లాగూ తిరుగుత. దాన్ని గుడ తిప్పుకొస్త."

అట్లా ఆ శుక్రవారం వకుళ ఫోను పాణి సంచీలో, మేజోడులో చుట్టుకుని, వియన్నా బయల్దేరింది. వకుళ నేలమాళిగలోకి దిగి తలుపేసుకుంది. అబ్బ, ఎంత హాయి! ఫోను మోగదు, ఎవరూ పిలవరు. రాతి కప్పు కింద చల్లగా, పాలవాసనలో, రెండు రోజులు అక్కడే పుస్తకాలు చదువుకుంది, దిమ్మలు తుడుచుకుంది, వాటితో కబుర్లు చెప్పుకుంది. ఆదివారం సాయంత్రం వియన్నా నివేదిక రాయాల్సి వచ్చింది. ఆ ఊరు చూడలేదాయె! ఉన్నది ఉన్నట్టు నేలమాళిగ గురించే రాసి, పైన వియన్నా అని పేరు పెట్టింది.

"మెట్లు దిగగానే చల్లదనం మొహాన్ని నిమిరింది. వంపు తిరిగిన పాత రాతి కప్పు కింద పన్నెండు మంది పెద్దవాళ్లు, మాటా పలుకూ లేకుండా వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్యకు వెళితే నాకు ఏ దిగులూ గుర్తురాలేదు."

ఎ ప్లస్ వచ్చింది. అడుగున వ్యాఖ్య: చదువుచుండగా మా కళ్లు చెమర్చినవి. ఓ. గ్రూబర్.

మూడో వారానికి వంటగదిలో గరిటెల గంతులు ఆగిపోయాయి. సరదాగా తిరిగినన్నాళ్లూ తిరిగారు గానీ, అదే పని హోంవర్కయి నెత్తిన కూర్చుంటే ఎవరికి ఒళ్లు మండదు? వర్షంలో తడుస్తూ గోపురం ముందు నిలబడి మూడు వందల మాటలు లెక్కపెట్టుకోవాలా? బట్టలు ఉతుక్కునేదెప్పుడు, పడుకునేదెప్పుడు? ఒక్కొక్కరే పాణి గుమ్మం ముందు ఫోను చేత్తో పట్టుకుని నిలబడ్డారు. వాడి దగ్గర పది మేజోళ్లే ఉంటే ఎవరి మేజోడు వాళ్లే తెచ్చుకున్నారు. నాలుగో వారానికి నలభై ఫోన్లు. ఆరో వారానికి స్పెయిన్ వాళ్లు, పోలెండ్ వాళ్లు కూడా వాసన పట్టారు. పాణి వీపు సంచీ వదిలేసి చక్రాల పెట్టెలోకి మారాడు.

సంచార హాజరు నూటికి నూరు! యాజమాన్యం మురిసి ముక్కలైంది. కమిటీ మళ్లీ కూర్చుని త్రాసు చూసుకుంది. ఇటు సంచారం నూరు, అటు క్లాసుల హాజరు అరవై రెండు. అయ్యో, ముల్లు ఇటు ఒరిగిందే! పిల్లలు రాలేకపోతున్నారంటే క్లాసులే బరువయ్యాయి కనుక వాటిని తగ్గించాలని తీర్మానించారు. శుక్రవారం క్లాసులు తీసేసి సర్దుడు ప్రయోగశాల పెట్టారు, పెట్టెలో చొక్కా మడత పెట్టడం గురించి. సోమవారం మౌన విశ్రాంతి. మంగళవారం ఆనంద నివేదిక శిక్షణ, ఆశ్చర్యపోవడం రానివాళ్లకు ప్రత్యేక తరగతి. గురువారం వచ్చే వారం ప్రయాణానికి సన్నాహం. పాఠం చెప్పడానికి బుధవారం మిగిలింది. సమతుల్యం అందరికీ వర్తించాలి కనుక అధ్యాపకులు కూడా తిరిగి తీరాలన్నారు.

వకుళ గురువు బ్రెనర్ గారికి అరవై ఒక్క ఏళ్లు. ఆ లోయలో పుట్టి, ఆ లోయలోనే చీజ్ తట్టి చూస్తూ బతికినవాడు. జీవితంలో ఒక్కసారి పక్క లోయకు వెళ్లాడు, ఆవును కొనడానికి. అది నచ్చక వెనక్కొచ్చేశాడు. ఒక శుక్రవారం ఆయన నేలమాళిగ మెట్ల మీద ఆగి, అటూ ఇటూ చూసి, జేబు రుమాలులో చుట్టిన ఫోను తీశాడు.

"అమ్మాయ్, ఆ ఫోన్లు మోసే అబ్బాయి నీకు తెలుసటగా?"

"నాకు... ఎవరండీ..."

"నా దగ్గర దాచకు. గణితం వాళ్లందరూ ఇచ్చేశారు. నేనే ఆఖరువాణ్ణి."

ఎనిమిదో వారానికి నూట అరవై ఫోన్లు. పాణి రెండు పెట్టెలు ఈడ్చుకుంటూ రైలెక్కేవాడు. ఇక్కడ శనివారం రాగానే కర్టెన్లు దిగిపోయేవి. సంచార స్క్వాడు వాళ్లు గ్రంథాలయం చుట్టూ కాపలా కాసేవారు, ఎవరైనా చదువుతూ పట్టుబడతారేమోనని. గణితం వాళ్లు బాయిలర్ గదిలో క్లాసులు పెట్టుకున్నారు. బ్రెనర్ గారు నేలమాళిగలో, గుసగుసగా, పాలు పులిసే తీరు గురించి రెండు గంటలు చెప్పారు. నూట పన్నెండు మంది మెట్ల మీద ఒకరి మీద ఒకరు కూర్చుని విన్నారు. ఒక్కరు నిద్రపోలేదు! ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఇదే మొదటిసారని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. దూరంగా స్క్వాడు బూట్ల చప్పుడు వినబడితే అందరూ నోట్సు చొక్కాల్లో దోపుకుని ఊపిరి బిగపట్టేవారు.

పదో వారం కొంప మునిగినంత పనయింది. రైల్లో పాణికి కడుపు పాడయింది. పెట్టెలు బయట వదిలితే ఎవరన్నా ఎత్తుకుపోతారని రెండింటినీ లాక్కుని టాయిలెట్లో దూరి, నలభై నిమిషాలు బయటికి రాలేదు. సంచారి యాప్‌లో నూట అరవై చుక్కలు ఆ మరుగుదొడ్డిలో నలభై నిమిషాలు కదలకుండా వెలిగాయి. అందులో పదిహేడు మంది ప్రొఫెసర్లు.

సోమవారం గ్రూబర్ గారు అందరినీ హాల్లోకి పిలిచారు. పాణి వకుళ వెనక నక్కాడు. "సచ్చినం అక్కా," అన్నాడు.

"శనివారం నాడు," అని ఆవిడ తెర మీద చుక్కల గుంపు చూపించారు, "గురుశిష్య భేదము లేక, నూట అరవై మంది అతి స్వల్ప వైశాల్యమందు నలభై నిమిషములు కలసిమెలసి గడిపిరి. ఇట్టి ఐక్యత ఈ విశ్వవిద్యాలయ చరిత్రలో అపూర్వం." హాలంతా చప్పట్లు. పాణి అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "ఇందులో మకుటాయమానం మన విద్యార్థిని వకుళ. మొదటిది తప్ప మిగతా తొమ్మిది ఆనంద నివేదికలకూ ఎ ప్లస్. వాటిని మంత్రిత్వ శాఖకు పంపితిమి. మంత్రిత్వ శాఖ పరవశించినది. కనుక వచ్చే శనివారం నుంచి తొమ్మిది రోజుల మహాసంచారం! యావత్ విశ్వవిద్యాలయం పన్నెండు బస్సులలో బయల్దేరును. జెండా పట్టి ముందు నడచువారు కుమారి వకుళ. బస్సు దగ్గర తలలు లెక్కించబడును."

తలలు! ఫోన్లు కాదు, తలలు. వకుళ వేళ్ల మీద లెక్కేసుకుంది. ఆ శనివారానికి దిమ్మలకు ఎనభై ఒక్క రోజులు నిండుతాయి. మిగిలిన తొమ్మిది రోజులూ మహాసంచారమే. తిరగేయడానికి బ్రెనర్ గారు కూడా ఉండరు, ఆయన తలనూ లెక్కేస్తారు. పెద్దాయనకు చెబితే ఆ వారమంతా అన్నం సయించలేదు. నిజం చెబితే తను పోతుంది. పాణి పేరు బయటపడితే నూట అరవై మందీ పోతారు.

"నా పేరు మాత్రం తియ్యకక్కా," అన్నాడు పాణి. మళ్లీ తనే, "తియ్యి పో. నీ చీజ్ పగిల్తే నాకు మంచిగనిపియ్యది," అన్నాడు. వకుళకు వాడి నెత్తిన మొట్టాలనిపించింది, ఏడుపూ వచ్చింది.

శనివారం పొద్దున ఆవరణలో పన్నెండు బస్సులు బారు తీరాయి. గ్రూబర్ గారు చక్రాల పెట్టెతో, చేతిలో జెండాతో నిలబడ్డారు. వకుళ నేలమాళిగ నుంచి ఏప్రన్‌తోనే పైకొచ్చింది. చేతులు ఉప్పునీళ్ల వాసన.

"మేడమ్, నేను రాను. నేను మొదటి వారం తప్ప అసలు ఎక్కడికీ పోలేదు."

"అర్థం కాలేదు."

"ఆ తొమ్మిది రిపోర్టులూ ఇక్కడే కూర్చుని రాశానండీ. ఊరి పేరే మార్చాను."

గ్రూబర్ గారి చేతిలో జెండా వాలిపోయింది. "మీ ఫోను వెళ్లినది కదా? ఎవరు మోసిరి?"

"అది చెప్పనండీ. ఫెయిలు చేస్తే నన్ను చెయ్యండి."

ఆవిడకు ఫోను సంగతి పట్టినట్టు లేదు. "అయితే వియన్నాలో... ఆ పన్నెండు మంది వృద్ధులు?"

"చీజ్ దిమ్మలండీ."

"వార్సాలో, రోజురోజుకూ బంగారు రంగు తిరుగుతున్న ఆ బుగ్గలు?"

"అవీ దిమ్మలేనండీ."

"పోర్టోలో ఒకరి ఒంటి మీద మచ్చ మాని, మీరు సంతోషం పట్టలేక ముద్దు పెట్టుకున్న..."

"ఏడో దిమ్మండీ."

ఆవిడ జెండాను చంకలో పెట్టుకున్నారు. తర్వాత అధికారి గొంతు తెచ్చుకున్నారు. "మంత్రిత్వ శాఖకు పంపిన నివేదికలోని స్థలం ఉన్నట్టా, లేనట్టా? లేనట్టయితే మా విభాగమే ఉండరాదు. తక్షణ తనిఖీ అవసరం. దారి చూపండి."

మెట్ల దగ్గర వకుళ ఆగింది. "ఫోను ఇక్కడే పెట్టాలండీ. టోపీ పెట్టుకోవాలి. చేతులు రెండుసార్లు కడుక్కోవాలి. ఇక్కడి నియమం." నియమమంటే ఆవిడకు ప్రాణం. మారు మాట్లాడకుండా టోపీ పెట్టుకుని రెండుసార్లు కడుక్కున్నారు. లోపల ఆవిడ పన్నెండింటినీ వేలితో లెక్కపెట్టారు. ఏడో దిమ్మ దగ్గర ఆగి, మచ్చ ఉండిన చోటు తడిమారు. "నన్ను ఒకటి తిప్పనిస్తారా?" అని మామూలు మనిషిలా అడిగారు. వకుళ పట్టుకోవడం చూపించింది. తిప్పి, తుడిచి, ఆవిడ అక్కడున్న ముక్కాలి పీట మీద కూర్చున్నారు. ఆరేళ్లుగా ఒక్క ఆదివారం కూడా తన మంచం మీద పడుకోలేదని, తన నియమావళి ముందుగా తనకే వర్తిస్తుందని చెబుతూ చెబుతూ, తల అరకు ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోయారు.

వకుళ చప్పుడు చేయకుండా మిగతా పదకొండూ తిరగేసింది. జెండా ఆవిడ పక్కనే ఉంది, పైన అది లేనిదే బస్సు కదలకూడదని నియమం. ఆరు వందల మంది సీట్లలో కూర్చుని కూర్చుని, విసుగొచ్చి ఒక్కొక్కరే దిగి, మధ్యాహ్నానికి ఏ కర్టెనూ దించకుండా క్లాసుల్లో కూర్చున్నారు.

మూడు గంటలకు గ్రూబర్ గారు కళ్లు తెరిచారు. చెంప మీద చెక్క అర అచ్చు పడింది. కంగారుగా లేచి, తనిఖీ ఫారం తీసి, సందర్శించిన స్థలం అన్న గడి దగ్గర కలం ఆపారు.

"అమ్మాయీ, ఇది ఏ ఊరు?"

వకుళకు నవ్వొచ్చింది. "మన ఊరేనండీ."

గ్రూబర్ గారు ఆ పేరు ఒక్కో అక్షరం రాశారు. దాని కింద, విద్యార్థిని వకుళ రాబోవు తొమ్మిది రోజులూ సదరు స్థలమందే సంచరించవలెనని ఆదేశమైనది, అని రాసి సంతకం చేశారు. కాగితం చేతికిచ్చి, వెళ్లకుండా మెట్టు మీద నిలబడ్డారు.

"రేపు ఎన్నింటికి తిరగేస్తావు?"

"ఏడింటికండీ," అంది వకుళ. "చేతులు కడుక్కుని రండి."